శామీర్‌పేట గుట్టలలో దిక్కు, దాహము, దారి

సికింద్రాబాదునుండి ఉత్తరముగా బయలుదేరిన రెండు రహదారులు, ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరునకును, రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకును, పోనుపోను ఒండొంటికి ఎడమగుచు సాగును. ఆ రెంటి నడుమ సుమారు పది కిలోమీటర్ల వెడల్పున పరచుకొన్న నేల, కారులో పోవువాని కంటికి ఎండిన చెలకలు, తుమ్మపొదలు, నున్నని బండలు, అక్కడక్కడ చెరువులు తప్ప మరేమియు లేని బయలుగా తోచినను, కాలినడకను దానిని దాట నెంచినవానిని మాత్రము అడుగడుగున ఏదో ఒక లెక్క అడుగుచునే యుండును. ఆదివారము తెల్లవారుజామున నగరమునుండి మోటారు సైకిళ్లపై వచ్చి, బూట్లు బిగించి, వీపున సంచి తగిలించుకొని ఈ గుట్టలెక్కు యువజనులు నానాట హెచ్చుచున్నారు. వీరి చేతనున్న విద్యలో అధికభాగము పాశ్చాత్య దేశముల స్కౌటు గ్రంథములనుండియు, వానిని అనుసరించి తీసిన వీడియోలనుండియు గ్రహించినది. ఆ విద్య అసత్యము కాదు; అది పుట్టినచోట అక్షరాల నిజము. కాని ఏబదవ అక్షాంశమువద్ద, చలిదేశపు అడవులలో, నిడుపైన సంధ్యాకాలముల నడుమ పుట్టిన సూత్రములను పదునేడున్నర డిగ్రీల అక్షాంశముననున్న మన గుట్టలమీదికి యథాతథముగా తెచ్చినచో, వానిలో కొన్ని నిష్ఫలములగును, కొన్ని ప్రమాదహేతువులగును. కొండలు తిరుగువాని శాస్త్రము సర్వదేశములకు ఒక్కటి కాదు. ఏ నేలకు ఆ నేలయే దానిని కట్టడి చేయునని నిరూపించుటకు శామీర్‌పేట పరిసరములకన్న మంచి నిదర్శనము దొరకదు.

మూడు ఎల్లలు, ఒక చెరువు

దారి తప్పినవానికి మొట్టమొదట కావలసినది తానున్న బిందువేదో తెలియుట కాదు, తన్ను చుట్టియున్న ఎల్లలేవో తెలియుట. మేడ్చల్, శామీర్‌పేటల నడుమ నడుచువానికి ఈ విషయమున ప్రకృతికన్న రహదారులే ఎక్కువ ఉపకారము చేసినవి. పడమట 44వ జాతీయ రహదారి. తూర్పున రాజీవ్ రహదారి. దక్షిణమున నగరమును 158 కిలోమీటర్ల పొడవున చుట్టివచ్చు ఔటర్ రింగు రోడ్డు. ఈ మూటిలో దేనినైనను దాటకుండ ఆ దిక్కునకు ఎవడును పోజాలడు. మూయబడనిది ఉత్తరదిశ యొక్కటియే. కావున దిక్కు ఒక్కటి తెలిసినచాలును: ఉత్తరము విడిచి తక్కిన మూడుదిక్కులలో ఏదో ఒకదానిని పట్టి వంకలు పోక నడచినవాడు గంటన్నర రెండుగంటలలో లారీల రొద వినగలడు. నడక మొదలిడుటకు ముందే ఈ ఎల్లలను నోటికి వచ్చునట్లు చెప్పుకొనుట, బ్యాటరీ ఎప్పుడు అడుగంటునో తెలియని చరవాణిని నమ్ముకొనుటకన్న మేలు.

రెండవ మార్గదర్శి నీరు. నిటారు పర్వతములలో వాగు వెంట దిగుట మంచిది కాదని పుస్తకములు హెచ్చరించును. ఏలయన అక్కడ వాగు లోయలోనికి దూకి, నడుచువానిని కొండచరియ అంచున నిలబెట్టును. తెలంగాణపు వాలు మెల్లని వాలు. ఇక్కడ ఒర్రె వెంట దిగువకు పోయినచో ఏదో ఒక కుంటయో చెరువో తప్పక తగులును. చెరువునకు కట్ట ఎప్పుడును దిగువవైపుననే యుండును. కట్టపై బండిబాట, కట్టక్రింద తూము, తూము ననుసరించి పొలములు, పొలముల చివర ఊరు. వర్షాభావపు నేలపై పడిన ప్రతి చినుకును పట్టి నిలుపుటకై శతాబ్దులుగా మనవారు కట్టిన ఈ గొలుసుకట్టు చెరువుల వ్యవస్థలో శామీర్‌పేట పెద్దచెరువును ఒకటి. కట్టయు మత్తడియు ఏ దిక్కున నున్నవో ఎత్తైన బండపైనుండి ఒక్కసారి చూచి మనసున నిలుపుకొన్నవానికి నేల వాలు అంతయు తెలిసినట్లే.

ఇక పటము. భారత సర్వేక్షణశాఖవారి పాత పద్ధతి ననుసరించి 17నుండి 18 డిగ్రీల అక్షాంశములకును, 78నుండి 79 డిగ్రీల రేఖాంశములకును నడుమనున్న చతురస్రము 56కె సంఖ్యగల పటము. దానిని పదునారు భాగములుగా విభజించినప్పుడు మేడ్చల్ ఆరవ భాగముననుండగా శామీర్‌పేట పదవ భాగమున పడును. 78 డిగ్రీల 30 కలల రేఖ ఈ రెండూళ్ల నడుమనే పోవుట చేత ఈ చిన్న నడకకు రెండు పటములు కావలసివచ్చును. వీనిలో రెండు సెంటీమీటర్లు నేలపై ఒక కిలోమీటరు. ఇందొక మెలకువ కలదు. సమోన్నతరేఖల నడుమ ఎత్తుభేదము సాధారణముగా ఇరువది మీటర్లు. మన గుట్టలలో పెక్కింటి ఎత్తు అంతకు లోపే. అనగా పటమున చదునుగా కనిపించినచోట పదునైదు మీటర్ల గుండ్లగుట్ట ఎదురైనను పటము అబద్ధమాడినట్లు కాదు. రెండు రేఖల సందున అది దాగినది. ఈ దేశమునకు కొలతలు తెచ్చినవారు ఈ నేలనే త్రొక్కిరి. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసువద్ద ఆరంభించిన మహాత్రికోణమితి సర్వే నిజాము రాజ్యముగుండ ఉత్తరమునకు సాగినది; ఆయనకు సహాయకుడుగా 1818 చివర హైదరాబాదు చేరిన జార్జి ఎవరెస్టు, కృష్ణా గోదావరుల నడుమ వానకాలమున కొలతలు చేయబోయి అడవిజ్వరమున పడి, కోలుకొనుటకై సముద్రము దాటి గుడ్‌హోప్ అగ్రమునకు పోవలసివచ్చినది. ప్రపంచోన్నత శిఖరమునకు ఎవని పేరు పెట్టబడినదో వానిని మంచు కాదు, తెలంగాణపు ఋతువు పడగొట్టినది.

నీడ చెప్పు సాక్ష్యము

మధ్యాహ్నవేళ సూర్యుడు దక్షిణమున నుండును, నీడ ఉత్తరమునకు పడును అనునది ఐరోపా గ్రంథములలోని మొదటి సూత్రము. మనము కర్కటరేఖకు దక్షిణమున నున్నవారము. మే 10 ప్రాంతమునను, మరల ఆగస్టు 2 ప్రాంతమునను శామీర్‌పేటలో సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిటారుగా నాటిన కఱ్ఱ నీడ ఆ క్షణమున దాని మొదటనే అణగిపోవును. ఆ రెండు తేదీల నడుమ దాదాపు పన్నెండు వారములు మధ్యాహ్నసూర్యుడు మనకు ఉత్తరముననే యుండును. జూన్ 21న ఒక మీటరు కఱ్ఱకు సుమారు పది సెంటీమీటర్ల నీడ దక్షిణమునకు పడగా, డిసెంబరు 21న అదే కఱ్ఱకు సుమారు 87 సెంటీమీటర్ల నీడ ఉత్తరమునకు పడును. గడియారపు చిన్నముల్లును సూర్యునివైపు త్రిప్పి దక్షిణమును కనుగొనుడని చెప్పు ప్రసిద్ధమైన ఉపాయము ఈ అక్షాంశమున ఎండకాలమందు నడుచువానిని తలక్రిందులు చేయును. పైగా మన గడియారము 82½ డిగ్రీల రేఖాంశపు కాలమును చూపును. మనము 78½ వద్ద నుండుటచే ఇక్కడి నిజమైన మధ్యాహ్నము సగటున పన్నెండుగంటల పదునారు నిమిషములకు గాని రాదు. నవంబరులో అది పన్నెండుకే వచ్చి, ఫిబ్రవరిలో పన్నెండున్నరవరకు జరుగును.

సూర్యుడు తూర్పున ఉదయించునను మాటయు విషువద్దినములయందే నిక్కము. జూన్‌లో ఉదయబిందువు తూర్పునకు దాదాపు ఇరువదియైదు డిగ్రీలు ఉత్తరమునకును, డిసెంబరులో అంతే దక్షిణమునకును తొలగును. ఆ తేడాను గమనింపక సూర్యుని మొగమునకు ఎదురుగా ఐదు కిలోమీటర్లు నడచినవాడు గమ్యమునుండి రెండు కిలోమీటర్లకు మించి ప్రక్కకు చేరును.

అట్లైన నమ్మదగిన పద్ధతి ఏది? మన పూర్వుల శంకువు. కాత్యాయన శుల్బసూత్రమునందును, సూర్యసిద్ధాంతమునందును చెప్పబడిన ఈ విధానము యజ్ఞవేదికల దిక్కులు సాధించుటకు పుట్టినది. చదునైన బండమీద సుద్దతో ఒక వృత్తము గీచి, దాని కేంద్రమున రాళ్ల ఆనికతో ఒక కఱ్ఱను నిటారుగా నిలుపవలెను. ఉదయము నీడ పొడవుగా వృత్తము వెలుపల నుండును. ప్రొద్దెక్కినకొలది కురచయై, దాని కొన ఒకానొక క్షణమున వృత్తమును లోపలికి దాటును. అచట ఒక గుర్తు. మధ్యాహ్నము దాటిన పిదప నీడ మరల పెరిగి కొన వృత్తమును వెలుపలికి దాటును. అచట రెండవ గుర్తు. మొదటి గుర్తు పడమర, రెండవది తూర్పు. రెంటిని కలుపు గీత శుద్ధమైన పూర్వాపరరేఖ. సూర్యుడు ఉత్తరముననున్నను దక్షిణముననున్నను ఈ సాధనకు భంగము లేదు. ఏలయన మధ్యాహ్నమునకు ముందు వెనుకల అతని గమనములోని సమతయే దీనికి ఆధారము గాని, అతడే దిక్కున వ్రాలియున్నాడను ఊహ కాదు. అంతసేపు కూర్చుండ వీలులేని బాటసారి మధ్యాహ్నప్రాంతమున నీడకొనకు ఇరువది నిమిషముల ఎడముతో రెండు గుర్తులు పెట్టినను పని జరుగును.

వ్రేళ్లతో ప్రొద్దును కొలుచు సూత్రము దీనికన్నను ప్రమాదకరమైనది. చేయి చాచి, సూర్యునకును క్షితిజమునకును నడుమ వ్రేళ్లను అడ్డముగా పేర్చి, వ్రేలికి పావుగంట చొప్పున లెక్కించి, నాలుగు వ్రేళ్లున్నచో ఇంక గంట వెలుగున్నదని చెప్పుదురు. చాచిన చేతి వ్రేలి వెడల్పు కంటికి సుమారు రెండు డిగ్రీలు. ఏబదవ అక్షాంశమున సూర్యుడు ఏటవాలుగా జారుచు గంటకు పది డిగ్రీలకు మించి దిగడు. కావున అక్కడ ఆ లెక్క ఇంచుమించుగా సరిపోవును. మన యెడ అతడు ఇంచుమించు నిలువుననే దిగును, గంటకు పదమూడు పదునాలుగు డిగ్రీలు. అనగా మనకు వ్రేలు ఒక్కంటికి ఎనిమిది తొమ్మిది నిమిషములే. నాలుగు వ్రేళ్లకు అరగంట. అస్తమయము తరువాతి వెలుగును అట్లే కురచ. ఇరువదిమూడు ఇరువదినాలుగు నిమిషములలో బండల నడుమ అడుగు కానరాని మసక అలముకొనును. గంట వెలుగున్నదని ధైర్యముతో కూర్చున్నవానికి చీకటి అరగంట ముందుగా వచ్చి మీద పడుట ఈ లెక్క ఫలమే.

రాత్రి చిక్కుపడినవానికి ధ్రువుడు కలడు గాని, అతడును ఇక్కడ వంగి చూడవలసిన నక్షత్రము; క్షితిజమునకు పదునేడున్నర డిగ్రీల ఎత్తున, చాచిన చేతి పిడికిళ్లు రెంటికి కొంచెము లోపుగా ఉండును. అంత క్రిందనుండు చుక్కను ఒక తాటితోపు చాలును కప్పివేయుటకు. వేసవి తొలి రాత్రులలో సప్తర్షులలోని పులహ క్రతువులను కలుపు రేఖను క్రతువు ముందునకు ఐదింతలు సాగించి ధ్రువుని పట్టవచ్చును. శరత్తున సాయంవేళ సప్తర్షులు అస్తమించియుందురు, అప్పుడు శర్మిష్ఠ ఆధారము. చలికాలమున ఇంకను సులువైన గుర్తు మృగవ్యాధుని నడుమనున్న మూడు చుక్కలు: ఖగోళ మధ్యరేఖపై నుండుటచే అవి సరిగా తూర్పున పొడిచి సరిగా పడమట క్రుంకును.

బండ స్వభావము

ఇక కాలిక్రింది సంగతి. ఈ బండలు సుమారు 250 కోట్ల సంవత్సరములనాడు భూగర్భమున కిలోమీటర్ల లోతున ద్రవముగా నుండి మెల్లగా చల్లారిన గ్రానైటు. మీది బరువు కోతకు గురియై తొలగినకొలది, అణగియున్న శిల ఊపిరి పీల్చినట్లు ఉబికి, ఉపరితలమునకు సమాంతరముగా ఉల్లిగడ్డవలె పొరలు పొరలుగా చీలినది. నిలువునను అడ్డమునను పగుళ్లు ఏర్పడి శిలను దిమ్మెలుగా విభజింపగా, పగుళ్లలోనికి దిగిన నీరు దిమ్మెల మూలలను మూడువైపులనుండియు, అంచులను రెండువైపులనుండియు, ముఖములను ఒకవైపునుండి మాత్రమే తినివేసినది. మూలలు త్వరగా అరుగుటచే చతురస్రపు దిమ్మె గుండుగా మారినది. చుట్టుగల మెత్తని మన్ను వానలకు కొట్టుకొనిపోగా గుండుపై గుండు నిలిచినది. ఎవరో ఎత్తి పెట్టినట్లు కనిపించు గుండ్లను నిజముగా ఎవరును ఎత్తలేదు. వాని చుట్టునున్నదే తొలగిపోయినది.

ఈ చరిత్ర తెలిసినవానికి అడుగు ఎక్కడ వేయవలెనో తెలియును. గ్రానైటులోని ఫెల్డ్‌స్పారు కుళ్లి బంకమన్నగును. క్వార్ట్‌జు మాత్రము గరుకు ఇసుకగా మిగులును. వాలుబండపై పలుచగా పరచికొన్న ఈ మొరము బూటుక్రింద దొర్లి మనిషిని పడవేయును. ఎక్కునప్పుడు దానిని చేతితో తుడిచి అడుగు వేయుట మేలు. బండమీద కనిపించు నల్లని చారలు వాననీరు ప్రవహించు త్రోవలు. ఆ నలుపు శిలకు చెందినది కాదు, తడి తగిలిన ప్రతిసారి ప్రాణము పోసికొను సూక్ష్మ శైవలములది. ఎండి యున్నంతకాలము అవి గరుకుగా కాలికి పట్టునిచ్చును. తొలి చినుకు పడిన కొన్ని నిమిషములకే జిగటగా మారును. రాతిపువ్వు జాతి లైకెన్లును అంతే. ఉదయము సునాయాసముగా ఎక్కిన బండ మధ్యాహ్నపు వాన తరువాత దిగరానిదగుటకు కారణమిదియే. పొరబండను చేతితో తట్టి చూచినచో, క్రింద అంటియున్న పొర గట్టిగా పలుకును, విడివడిన పొర డొల్లగా మ్రోగును. డొల్లగా మ్రోగినదానిపై బరువు మోపరాదు.

వాలు ఎక్కునప్పుడు భయముచేత బండవైపు వంగుట సహజము. అదియే జారుటకు మూలము. శరీరము బండకు వాలినప్పుడు చేతులు బండను త్రోయును, ఆ త్రోపు పాదములను వెలుపలికి నెట్టును. పాదము శిలను అదుముట తగ్గి రాపిడి క్షీణించును. నిటారుగా నిలిచి, మడమ దించి, అరికాలు మొత్తము ఆనించి, చిన్నచిన్న అడుగులు వేసినచో బరువంతయు పాదముమీదుగా పోయి రాపిడి నిలుచును. భువనగిరి ఏకశిలపై శిక్షణ మొదలిడిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకముందే ఎవరెస్టు నధిరోహించినది. ఆ బాలికకు కాలు నిలుపు విద్య నేర్పినది హిమాలయపు మంచు కాదు, మన గ్రానైటు బండ.

ఎండ, చెమట, నీరు

సూర్యుడు రోహిణీ నక్షత్రమున నుండు పదునాలుగు దినములు, మే 25 మొదలు, మన రైతుల లెక్కలో రోహిణికార్తె. రోళ్లు పగులు ఎండలని దానికి పేరు. హైదరాబాదులో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు 1966 జూన్ 2న, అనగా రోహిణికార్తెలోనే పడుట గమనింపదగినది. అట్టి దినములలో గుట్టపై నడుచువానికి గాలి యొక్కటే శత్రువు కాదు. పగలెల్ల ఎండను త్రాగిన బండ క్రిందినుండి వేడిని వెలిగ్రక్కుచు సూర్యాస్తమయము తరువాతను చల్లారదు. గాలి శరీరముకన్న వేడిగా నున్నప్పుడు మనిషికి మిగిలిన త్రోవ చెమట యొక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో దేహమునుండి సుమారు 580 కిలో క్యాలరీల వేడిని కొనిపోవును. కారి నేలపాలైన చెమట వలన ప్రయోజనము లేదు. కావున వదులైన నూలు దుస్తులు, తలకు రుమాలు, గాలి ఆడు నీడ, ఇవి అలంకారములు కావు, యంత్రాంగములు.

చెమటతో నీరే కాక ఉప్పును పోవును. దాహము తీరువరకు వట్టి నీరే త్రాగుచుండువానికి రక్తమున ఉప్పుపాలు తగ్గి తలతిరుగుడు, వాంతులు, మతిభ్రమ కలుగవచ్చును. లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపిన పానీయము ప్రేవులలో చక్కెర వెంట ఉప్పును, ఉప్పు వెంట నీటిని లోనికి లాగికొనిపోవును. ఉప్పు వేసిన మజ్జిగయు, జొన్న అంబలియు మన పొలములలో ఈ పనినే చిరకాలముగా చేయుచున్నవి. చెమట ఎంత పోసినను మాట స్పష్టముగా నున్నంతవరకు అది అలసట. మాట తడబడి, నడక తూలి, దేహము నలుబది డిగ్రీలు దాటి కాలుచున్నచో అది వడదెబ్బ. అప్పుడు ఆలోచన వలదు: నీడకు చేర్చి, దుస్తులు వదులుచేసి, ఒళ్లంతయు నీటితో తడిపి విసరుచు, చల్లారు వరకు మానరాదు, స్పృహ తప్పినవాని నోట నీరు పోయరాదు.

ఈ గుట్టలపై బండ గుంతలలో వాననీరు నిలిచిన దొనలను గొర్రెలకాపరులు ఎరుగుదురు. వడగట్టి, ఒక్క నిమిషము తెర్లనిచ్చినచో సూక్ష్మజీవులు చచ్చును; ఆరువందల మీటర్ల ఎత్తున నీరు 98 డిగ్రీలకే మరిగినను ఆ వేడి చాలును. బురదనీటిని తేర్చుటకు చిల్లగింజను కుండలోపలి గోడకు అరగదీయుట పూర్వపు పద్ధతి. బంకమట్టి రేణువులు ఒకే విధమైన విద్యుదావేశముచే ఒకదాని నొకటి త్రోసికొనుచు తేలియుండగా, గింజలోని జిగురు వానిని కూర్చి బరువెక్కించి అడుగునకు దించును. నీరు తేటపడుట వేరు, శుద్ధియగుట వేరు; తేటపడిన పిదపను మరిగింపవలెను. ఇక పరిశ్రమల, ఊళ్ల మురుగు కలిసిన చెరువునీటిలోని రసాయనములను గింజయు తొలగింపదు, మంటయు తొలగింపదు. ఇట్టిచోట సురక్షితమైన నీరు ఇంటినుండి మోసికొని వచ్చినదే.

తినదగినవానిని గూర్చి క్లుప్తముగా చెప్పవచ్చును: రేగు, ఈత, తునికి, సీతాఫలము మన గుట్టల పండ్లు, సీతాఫలపు గింజల పొడి కంటికి హానికరము. ఉమ్మెత్త, గన్నేరు, గురుగింజ, ఆముదపుగింజ నోటబెట్టరానివి. జిల్లేడు పాలు కంట పడరాదు. తెలియనిదానిని రుచి చూచుట పరిశోధన కాదు.

పిడుగు, పాము, తేనెటీగ, తీతువు

వేసవి చివర మధ్యాహ్నముల తరువాత లేచు మబ్బులు బోడగుట్టపై నున్నవానికి ఎండకన్న వేగముగా ప్రాణాపాయము తేగలవు. మెరుపునకును ఉరుమునకును నడుమ మూడు సెకండ్లకు ఒక కిలోమీటరు దూరము. ముప్పది సెకండ్ల లోపున్నచో పిడుగు పడు పరిధిలో ఉన్నట్లే. ఒంటరి తాటి క్రిందను, గుట్ట కొనను, ఆనుకొని నిలిచిన గుండ్ల సందునను ఉండరాదు. గుట్ట దిగి వాహనములోనో పక్కా భవనములోనో చేరుట ఉత్తమము. అది కుదరనిచో పల్లమున పాదములు దగ్గరగా చేర్చి ముడుచుకొని కూర్చుండవలెను, ఏలయన నేలవెంట ప్రాకు విద్యుత్తు రెండు పాదముల నడుమ ఎడమునుబట్టి దేహమున ప్రవేశించును. చివరి ఉరుము తరువాత అరగంటవరకు మరల ఎక్కరాదు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగును ఇక్కడ కలవు. 2020లో ప్రకటితమైన ఒక అధ్యయనము 2000నుండి 2019వరకు భారతదేశమున పాముకాటుచే ఏటా సగటున 58,000 మంది మరణించిరని, వారిలో సగముమంది జూన్ సెప్టెంబరుల నడుమ పోయిరని, తెలంగాణతో కూడిన నాటి ఆంధ్రప్రదేశ్ అధిక మరణములుగల రాష్ట్రములలో ఒకటియని అంచనా వేసినది. చెయ్యి ఎక్కడ పెట్టుచున్నామో కన్ను ముందుగా చూడవలెను; బండసందులు, రాళ్లకుప్పలు చిన్నపింజరి నివాసములు. అది కదలునప్పుడు పొలుసులు రాచుకొని గరగరమను ధ్వని పుట్టును. రక్తపింజరి గట్టిగా బుసకొట్టును. కట్లపాము రాత్రివేళ నొప్పియే తెలియనట్లు కరచును గనుక నేలపై పరుండరాదు. కాటుపడినచోట కోయుట, నోటితో పీల్చుట, త్రాడుతో బిగించుట మూడును చేటు. రక్తము గడ్డకట్టు శక్తిని నాశనముచేయు పింజరి విషమున్నప్పుడు కోత ఆగని రక్తస్రావమగును. బిగించిన కట్టు అవయవమునే పోగొట్టును. ఉంగరములు, గాజులు తీసివేసి, కఱ్ఱబద్దతో అవయవమును కదలకుండ నిలిపి, మనిషిని నడిపింపక ఆసుపత్రికి చేర్చుటయే చికిత్సలో మొదటి భాగము. పై నాలుగింటి విషమునకు విరుగుడు ఒకే సీరము. అక్కడ వైద్యుడు రెండు మిల్లీలీటర్ల రక్తమును శుభ్రమైన గాజు నాళికలో ఇరువది నిమిషములు కదపక ఉంచి, గడ్డకట్టినదో లేదో చూచును. అతి సులభమైన ఈ పరీక్షయే పింజరి విషమును పట్టియిచ్చును. 2005 ఆగస్టు 15న ఆరంభమైన 108 సేవ కేంద్రకార్యాలయము ఈ మేడ్చల్ మార్గమున దేవరయాంజాలుననే యున్నది. ఆ సంఖ్యకు పిలిచినప్పుడు గుట్ట పేరుకన్న, దగ్గరి చెరువుకట్ట పేరును, రహదారినుండి దూరమును చెప్పుట ఎక్కువ ఉపయోగము.

బండ అంచులకు వ్రేలాడు పెద్ద తేనెపట్టుల దగ్గర పొగ, అత్తరు, కేకలు పనికిరావు. ఒక ఈగ కుట్టినచోట ముల్లుతోపాటు వెలువడు రసాయనము పండిన అరటిపండు వాసనగల పదార్థము. అది తక్కిన ఈగలకు యుద్ధభేరి. అందుచే ముల్లును క్షణమైన ఆలస్యము చేయక గీకి తీసివేసి, ముఖము కప్పుకొని దూరముగా పరుగిడవలెను. చేతులు ఝళిపించుచు అక్కడనే నిలిచినవాడు మరింతమందిని పిలిచినవాడగును.

తీతువుపిట్ట కూత అపశకునమని మనవారి నమ్మకము. శాస్త్రదృష్టితో చూచినచో ఆ కూతకు వేరొక అర్థము కలదు. తీతువు చెట్టుపై గూడు కట్టదు. మార్చినుండి ఆగస్టువరకు మొరము నేలపైననే చిన్న పల్లము చేసి, గులకరాళ్లనుండి వేరుపరుపరాని మచ్చల గ్రుడ్లు సాధారణముగా నాలుగు పెట్టును. మనిషియో కుక్కయో సమీపించినప్పుడు తలపై చక్కర్లు కొట్టుచు అరచును. కూత హెచ్చినకొలది గ్రుడ్లు సమీపమున నున్నవని తెలిసికొని, నిలిచి, నేల చూచి, వచ్చిన అడుగుజాడలలోనే వెనుకకు పోవలెను. నిర్జనమైన చెలకలో దూరమునుండి తీతువులు ఒక్కసారిగా అరచినచో, అక్కడ ఎవరో నడుచుచున్నారని దారి తప్పినవాడు గ్రహింపవచ్చును. సలీం అలీ 1930ల తొలినాళ్లలో హైదరాబాదు సంస్థానపు పక్షులను సర్వే చేసినది మొదలు, 1980లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘము కాలమువరకు, ఈ చెరువుల చుట్టు తిరిగినవారు చెవితోనే నేలను తెలిసికొనిరి.

వెనుదిరుగు వేళ

ఇన్ని వివరముల సారమును ఒక చిన్న లెక్కలో చూపవచ్చును. డిసెంబరు మొదట్లో ఇక్కడ సూర్యాస్తమయము 5.40 ప్రాంతమున; తరువాతి వెలుగు లెక్కలోనికి తీసికొనదగినది కాదు. మూడుగంటలకు గుట్ట మొదట నిలిచినవానికి చేతనున్నవి 160 నిమిషములు. ఎక్కుటకన్న దిగుట సులువను భ్రమ విడిచి, ఆ కాలమును మూడు పాళ్లు చేసి, ఒకటి ఎక్కుటకు, ఒకటి దిగుటకు, ఒకటి వానకో, కాలు మడతపడుటకో, దారి తప్పుటకో కేటాయించినచో, 3.50 కాగానే వెనుకకు తిరుగవలెను. కొన నాలుగడుగుల దూరముననున్నను సరియే. జూన్ చివర ప్రొద్దు 6.50 దాటువరకు ఉండును గనుక ఆ లెక్క వేరు; ఎండయు మబ్బును ఉండుటచే కొన్ని దినములు అసలు మధ్యాహ్నమున ఎక్కనేరాదు. కావున బయలుదేరునప్పుడు ఇంటిలో చెప్పి రావలసినది ఏ గుట్టకు పోవుచున్నామను మాట యొక్కటియే కాదు; ఏ వేళకు తిరిగి రాకున్న వెదకింపవలెనో ఆ గడియ కూడ. ఆ గడియను ఎవరి పుస్తకమునుండియు తీసికొనరాదు. ఆనాటి నీడను, ఆ గుట్ట బండను చూచి, ఎవరికి వారే నిర్ణయించుకొనవలెను.